వేయడానికి వీల్లేని సవరణ

రెండేళ్ల కిందట మార్చి నెలలో, టొరంటోకి పడమటగా హైవే పక్కనున్న ఒక కాసినోలో నాలుగు రోజుల పోకర్ టోర్నమెంటు జరిగింది. దానికి నన్ను ఫ్లోర్ రిపోర్టరుగా వేశారు. ఆ ఉద్యోగంలో అది నా పదకొండో ఏడు. అంతకుముందు విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పదిహేడేళ్లు సబ్ ఎడిటరుగా చేశాను. కెనడా వచ్చి రిచ్‌మండ్ హిల్‌లో స్థిరపడ్డాక రెండేళ్లు గోడౌన్‌లో పెట్టెలు సర్ది, ఆ తరవాత ఈ పనిలో చేరాను. పేకాట మీద వార్తలు రాస్తే జీతమిస్తారని మా పాత డెస్కులో చెబితే ఎవరూ నమ్మలేదు. అక్కడ పేకాట వార్త అంటే పోలీసులు శిబిరం మీద దాడి చేసిన వార్తే.

పని ఇలా ఉంటుంది. టేబుళ్ల మధ్య తిరుగుతూ ఎవరు ఎంత పందెం కాశారు, బల్ల మీద ఏ ముక్కలు పడ్డాయి, చివరికి ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ మిగిలాయి అన్నది చిన్న నోట్‌బుక్కులో రాసుకోవాలి. హాలు మూలలో ల్యాప్‌టాప్ ముందు లీడ్ రిపోర్టర్ కూర్చుని ఉంటుంది. మా లీడ్ పేరు హెదర్. నేను తెచ్చిన నోట్సు ఆమె సరిచూసి వెబ్‌సైటులో పెడుతుంది. పత్రికలో న్యూస్ ఎడిటర్ ఎంతో ఇక్కడ లీడ్ అంత.

నియమాలు తక్కువే కానీ గట్టివి. బల్ల మీద చూపించిన ముక్కలే రాయాలి. చూపించని ముక్కల సంగతి ఆటగాడు తనంతట తాను విరామంలో మనతో చెప్పి, "నేను ఔటయ్యేదాకా రాయకు" అంటే, అతను ఔటయ్యేదాకా అది మన కడుపులోనే ఉండాలి. ఆ నమ్మకం మీదే మా పని నడిచేది. ఇక ఆట సాగుతున్నప్పుడు రిపోర్టర్ స్తంభంతో సమానం. మాట, సైగ, ముఖంలో మార్పు ఏదీ పనికిరాదు. టేబుల్ దగ్గర ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్న నియమం ఆటగాళ్లకే కాదు, మాకూ ఉండేది.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక్కో పంపకాన్ని హ్యాండ్ అంటారు, అందులో ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పడతాయి, ముందు మూడు, తరవాత ఒకటి, ఆఖరున ఒకటి. ప్రతి విడతకీ పందేలు ఉంటాయి. ఇక్కడ ఆడేది నో-లిమిట్, అంటే పందేనికి పైహద్దు లేదు, ఎప్పుడైనా ఉన్నదంతా తోసేయవచ్చు, దాన్ని ఆల్ ఇన్ అంటారు. ముందు ఆడవలసినవాడు పందెం కాయకుండా వదిలేస్తే అది చెక్. అది చూసి ఎదుటివాడు పందెం కాస్తే, అప్పుడు మొదటివాడు దాన్ని పెంచితే అది చెక్-రెయిజ్. తలుపు ఓరగా తీసిపెట్టి, మనిషి లోపలికి వచ్చాక గడియ వేయడం లాంటిది. గడియ పడ్డాక లోపలున్న మనిషి ఏం చేస్తాడన్నదే పోకర్‌లో నేను చూసిన అన్ని నిర్ణయాల్లోకీ కష్టమైనది.

ఆ టోర్నమెంటులో లోపల చిక్కిన మనిషి వసుంధర గారు.

ఆవిడది కాకినాడ. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. వయసు అరవై మూడు. మెరూన్ రంగు ఫ్లీస్ జాకెట్, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. భర్త మూర్తి గారు నీటి సరఫరా విభాగంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఆట తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ నాలుగు రోజులూ ప్రేక్షకుల్ని ఆపడానికి కట్టిన తాడు అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్లు బోర్డు మీద తాను రాసింది టేబుల్ మీద నిలబడుతుందో లేదో చూసుకోవాలని ఆవిడ రిటైరయ్యాక మూడేళ్ల గడువు పెట్టుకున్నారు. డజను టోర్నమెంట్ల జాబితా రాసుకున్నారు. పదకొండు అయిపోయాయి, ఒక్కదాంట్లోనూ చివరి టేబుల్ దాకా రాలేదు. ఇది పన్నెండోది. దీని తరవాత మానేస్తానని మూర్తి గారితో అన్నారట. మానేయడం ఆవిడకి ఇష్టం లేదనీ, అలాగని మాట తప్పే మనిషి కాదనీ ఆయన నాతో చెప్పారు.

నాలుగో రోజు ఆదివారం. తొమ్మిదిమంది మిగిలారు, అందులో వసుంధర గారు ఉన్నారు. ఉదయం కాఫీ లైనులో మూర్తి గారు నన్ను పట్టుకున్నారు. గ్వెల్ఫ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ అడుగుతున్నారు, నాలుగు ముక్కలు తెలుగులో రాసి పెట్టండి అన్నారు. ఆ గ్రూపులో నన్ను ఆయనే ఎప్పుడో చేర్చారు. స్నో టైర్లు అమ్మబడును, స్టూడెంట్లకి బేస్‌మెంట్ అద్దెకివ్వబడును, ఉగాది భోజనం టికెట్లు కొద్దిగా మిగిలాయి, ఇలాంటివి నడుస్తుంటాయి. పదకొండేళ్లుగా ఇంగ్లీషులో పొడి వాక్యాలు రాస్తున్న చేతికి తెలుగులో రాయమంటే ఎలా ఉంటుందో చెప్పలేను. కాఫీ చల్లారిపోయింది. తొమ్మిదిమంది గురించీ తలా ఒక వాక్యం రాశాను.

వాళ్లలో లూక్ ఒకడు. సడ్‌బరీ వైపు నుంచి వచ్చినవాడు, యాభై దాటాయి, చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. నారింజ రంగు ఉన్ని టోపీ పెట్టుకుంటాడు. రెండో రోజు అతను రెండుసార్లు చెక్-రెయిజ్ చేయడం దగ్గరుండి చూశాను. రెండుసార్లూ రెయిజ్ చేసే ముందు టోపీ తీసి చిప్స్ పక్కన పెట్టాడు. రెండుసార్లూ ముక్కలు తిప్పి చూపించాడు. రెండూ బలమైనవి. సబ్ ఎడిటర్‌కి ఇది చాలు. అతని వాక్యం ఇలా రాశాను: "లూక్ టోపీ తీశాడా, దారి వదలండి." చదువుకుంటే బావుంది. దాన్నే పైకి తెచ్చి హెడ్డింగు చేశాను. పంపిన పది నిమిషాల్లో గ్రూపులో బొటనవేళ్లు వరసగా లేచాయి.

హెదర్‌కి ఈ సంగతి తెలియదు. ఆ హాల్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరనుకున్నాను. గ్రూపులో ఉన్నవాళ్లంతా ఇళ్లలో ఉన్నారని నా లెక్క. ఇద్దరు ఇక్కడే ఉన్నారన్న ఆలోచన, రాయమని అడిగినాయన ఎదురుగా కూర్చుని ఉండగా కూడా, రాలేదు.

మధ్యాహ్నానికి ఐదుగురు మిగిలారు. భోజన విరామానికి కాస్త ముందు లూక్ మూడోసారి చెక్-రెయిజ్ చేశాడు. ముందు టోపీ తీశాడు. ఎదురుగా ఉన్నాయన చాలాసేపు ఆలోచించి ముక్కలు వదిలేశాడు. లూక్ తన ముక్కలు చూపించకుండానే డీలర్ వైపు జార్చాడు. టోపీ తీశాడని నోట్‌బుక్కులో రాసుకున్నాను, కొంచెం గర్వంగానే.

విరామంలో కాఫీ కౌంటర్ దగ్గర లూక్ నా పక్కన నిలబడ్డాడు. ఉదయం నుంచి మోస్తున్న రహస్యాన్ని ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడని మనిషిలా ఉన్నాడు. ఇందాకటి హ్యాండ్‌లో తన దగ్గర తొమ్మిది, ఆరు మాత్రమే ఉన్నాయనీ, బల్ల మీద ముక్కలతో అవి దేనికీ కలవలేదనీ, ఉత్త ధైర్యంతో తోసేశాననీ ఫ్రెంచి యాస ఇంగ్లీషులో చెప్పాడు. తాను ఔటయ్యేదాకా రాయొద్దన్నాడు. రాయనన్నాను. టోపీ మాట అతను ఎత్తలేదు. తనకి అలాంటి అలవాటు ఒకటి ఉందని కూడా అతనికి తెలియదనుకుంటాను.

అతను కప్పు తీసుకుని వెళ్లాడు. నేను నోట్‌బుక్కు తీసి చూసుకున్నాను. టోపీ తీశాడు, చేతిలో ఏమీ లేదు. నా హెడ్డింగు తప్పు.

తప్పయితే అయింది, తొమ్మిది వాక్యాల్లో ఒకటి అనుకుంటుండగా మూర్తి గారు టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ వచ్చారు. చాలా సంతోషంగా ఉన్నారు.

"మీ హెడ్డింగు మా ఆవిడకి చదివి వినిపించానండి. రెండుసార్లు చదివించుకుంది."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పెరుగన్నం తిని వెళ్లిపోయింది."

పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, కానీ వేస్తాం. ఇక్కడ సవరణ వేయడానికి వీల్లేదు. "నేను రాసింది తప్పు" అంటే ఎందుకు తప్పో ఆవిడ ఊహించగలరు. ఆ మెసేజి తరవాత అతను టోపీ తీసి రెయిజ్ చేసింది ఒక్కసారే. అందులో లూక్ దగ్గర ఏమీ లేదని నేను చెప్పేసినట్టే. అతనికి ఇచ్చిన మాట పోతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఆటలో ఉన్న ఒకరి ముక్కల గుట్టు మరొకరికి అందించినట్టవుతుంది. గ్రూపులోంచి ఆ మెసేజి తీసేద్దామా అనుకున్నాను. తీసేస్తే తీసేసినట్టు అక్కడ ఒక గీత మిగులుతుంది, ఏమైందని యాభైమంది అడుగుతారు. పైగా రెండుసార్లు విన్న మాటని ఫోన్లోంచి తీసేస్తే చెవిలోంచి పోతుందా?

అప్పుడే నేరుగా హెదర్ దగ్గరికి వెళ్లి ఉండవలసింది. వెళ్లలేదు. వాళ్లిద్దరి మధ్యా అలాంటి హ్యాండ్ రాకపోవచ్చు కదా అనుకున్నాను. ఆ అనుకోవడం నా రెండో తప్పు.

మూడున్నర ప్రాంతంలో వచ్చింది.

అప్పటికి నలుగురున్నారు. వసుంధర గారి ముందు ఏడు లక్షల ఐదు వేల చిప్స్. ఇవి డాలర్లు కావు, ఆ టోర్నమెంటులోనే చెల్లే బిళ్లలు. లూక్ దగ్గర అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. ఆవిడ నలభై ఐదు వేలకి పెంచారు. లూక్ కాల్ చేశాడు, అంటే అంతే పందెం తానూ కలిపాడు. హ్యాండ్ మొదట్లో తప్పనిసరిగా వేసే పందేలతో కలిపి మధ్యలో లక్షా ఇరవై వేలు పోగయ్యాయి.

మొదటి మూడు ముక్కలు ఆఠీన్ జాకీ, ఆఠీన్ ఎనిమిది, కళావరు రెండు. లూక్ చెక్. ఆవిడ నలభై వేలు కాశారు, అతను కాల్. నాలుగోది ఇస్పేటు ఐదు. లూక్ చెక్. ఆవిడ లక్షా పది వేలు. అతను కాస్త ఆగి కాల్. మధ్యలో నాలుగు లక్షల ఇరవై వేలు. ఆఖరి ముక్క డైమన్ రెండు. చూడగానే ఎవరికీ ఒరిగిందేమీ లేని ముక్క అది. లూక్ మళ్లీ చెక్. ఆవిడ లక్షా యాభై వేలు లెక్కపెట్టి నెమ్మదిగా ముందుకు తోశారు.

లూక్ టోపీ తీశాడు.

తీసి, మడిచి, చిప్స్ పక్కన పెట్టి, మామూలు గొంతుతో "ఆల్ ఇన్" అన్నాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆవిడ ముందు మూడు లక్షల అరవై వేలు మిగిలాయి. కాల్ చేసి ఓడితే టోర్నమెంటు అయిపోయింది, జాబితా అయిపోయింది. వదిలేస్తే ఆ మూడు లక్షల అరవై వేలతో నలుగురిలో ఆఖరున కుంటుకుంటూ నడవాలి. కాల్ చేసి గెలిస్తే అందరికన్నా ముందుంటారు.

అప్పటికి ఆవిడ ముక్కలు నాకు తెలియవు. తరవాత తెలిసినవి కనక చెబుతున్నాను: డైమన్ ఆసు, ఇస్పేటు జాకీ. బల్ల మీద జాకీతో కలిస్తే ఒక జత, పక్కన ఆసు. మంచి చేయే, కానీ అంతా తోసేసిన మనిషి ముందు పెట్టదగ్గది కాదు. ఆఖరి ముక్క పడ్డాక వచ్చే చెక్-రెయిజ్ ఉత్తుత్తిది కావడం అరుదని ఈ ఆట ఆడేవాళ్లందరూ చెబుతారు. అందరూ చెప్పే మాట ఒకటి, దాని మీద నా హెడ్డింగు ఒకటి. రెండూ ఒకే వైపు తోస్తున్నాయి.

ఒక్కో నిర్ణయానికి ముప్పై సెకన్లు ఇస్తారు. ఇంకా కావాలంటే టైమ్ కార్డు ఒకటి డీలర్‌కి ఇవ్వాలి, దానికి మరో ముప్పై. కార్డులు అయిపోయి గడియారం సున్నాకి వస్తే ముక్కలు వదిలేసినట్టే. ఆవిడ దగ్గర మూడు కార్డులున్నాయి.

మొదటి ముప్పై సెకన్లు ఆవిడ బల్ల మీద ముక్కలకేసి చూస్తూ గడిపారు. తరవాత మొదటి కార్డు తోశారు. తోస్తూ ఆ నారింజ టోపీ వైపు చూశారు.

ఆ చూపు నేను చూశాను. నేను ఆవిడకి ఆరడుగుల దూరంలో, ఎదురుగా ఉన్నాను. తల ఎత్తితే నా ముఖం కనబడుతుంది. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు. పదిహేడేళ్లు డెస్కులో కూర్చున్నవాడికి ముఖం దాచుకోవడం ఎవరు నేర్పుతారు? "అది నమ్మకండి" అన్న మాట గొంతు దాకా వచ్చి ఉంది, తెలుగులోనే. ఆ రెండు మాటలు బయటికి వస్తే ఆవిడ హ్యాండ్ రద్దవుతుంది, లూక్‌కి అన్యాయం జరుగుతుంది, నా బ్యాడ్జి పోతుంది. రాకపోతే ఒక మనిషి మూడేళ్ల ప్రయత్నం నా హెడ్డింగు కింద నలిగిపోతుంది.

నాకు తోచింది ఒకటే. వెనక్కి తిరిగి నిలబడ్డాను.

చివరి టేబుల్‌లో, రోజు మొత్తానికి పెద్ద హ్యాండ్‌కి రిపోర్టర్ వీపు చూపించడం మా వృత్తిలో ఎక్కడా లేదు. నా ఎదురుగా గోడ, దాని మీద అగ్నిప్రమాదం జరిగితే ఎటు పోవాలో చూపించే పటం. ఆ పటంలో మేమున్న హాలు ఒక చిన్న పెట్టె, అందులో ఎర్రచుక్క. ఆ చుక్కని చూస్తూ చెవులు అప్పగించాను.

రెండో కార్డు బల్ల మీద జారిన చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. లూక్ కుర్చీ కిర్రుమంది. తాడు అవతల మూర్తి గారు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టారు.

మూడో కార్డు. డీలర్ అమ్మాయి ఇది ఆఖరిదని గుర్తుచేసింది. వసుంధర గారు థాంక్యూ అన్నారు, క్లాసులో డౌటు అడిగిన పిల్లకి చెప్పినట్టు. ఆ తరవాత చాలాసేపు చప్పుడు లేదు. గడియారం ఆఖరి పది సెకన్లలో పడితే చిన్న బీప్ వస్తుంది. వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ఐదో బీప్ తరవాత ఒక్క చిప్ బల్ల మీద పడిన చప్పుడు. ఒక్కటే.

ఈ ఆటలో ఒక్క చిప్ ముందుకు వేస్తే కాల్ చేసినట్టే.

"కాల్," అంది డీలర్.

అప్పుడు తిరిగాను. లూక్ తన ముక్కలు తిప్పాడు. ఆఠీన్ రాణి, ఆఠీన్ పది. బల్ల మీది రెండు ఆఠీన్లతో కలిసి నాలుగు. ఐదు కుదిరితే పెద్ద చేయి, ఐదోది రాలేదు. తొమ్మిది పడి ఉంటే వరస కుదిరేది, అదీ రాలేదు. చేతిలో జత కూడా లేదు. వసుంధర గారు ఆసు, జాకీ పక్కపక్కన పెట్టి, వంకరగా ఉన్న జాకీని వేలితో సరిచేశారు. డీలర్ మధ్యలో చిప్స్ గుట్టనంతా ఆవిడ వైపు తోసింది. పద్నాలుగు లక్షల నలభై వేలు. మూర్తి గారు లేచి నిలబడి, ఎందుకు లేచారో పక్కవాళ్లని అడుగుతున్నారు.

ఆ హ్యాండ్ వివరాల్లో ఆఖరి ఒకటిన్నర నిమిషం నా నోట్‌బుక్కులో ఖాళీ. ఒక్క చిప్ వేసి కాల్ చేశారన్నది డీలర్‌ని అడిగి ఖాయం చేసుకున్నాను.

నోట్సు హెదర్‌కి ఇస్తూ అన్నీ చెప్పాను. మెసేజి చూపించి, హెడ్డింగుకి అర్థం చెప్పి, ఆవిడ విన్నారనీ నేను వెనక్కి తిరిగాననీ చెప్పాను. లూక్ నాతో అన్న మాట మాత్రం, అతను ఇంకా ఆటలో ఉన్నాడు కనక, ఆమెకీ చెప్పలేదు. హెదర్ అరవలేదు. ఆటగాళ్ల అలవాట్ల మీద ఆట నడుస్తుండగా ఏ భాషలో రాసినా ఒకటే అంది. బ్యాడ్జి తీసుకుని, నన్ను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, తాను నోట్‌బుక్కు పట్టుకుని టేబుల్ దగ్గరికి వెళ్లింది. టోర్నమెంట్ డైరెక్టర్‌కి కూడా ఆమే చెప్పింది. ఆ తరవాతి టోర్నమెంటుకి నన్ను వేయలేదు. రెండు శిక్షలూ న్యాయమైనవే.

లూక్ మూడో స్థానంలో ఔటయ్యాడు. వెళ్లి అతనితో కూడా చెప్పాను. అతనికి కోపం రావచ్చనుకున్నాను. కాసేపు టోపీని తిప్పి తిప్పి చూసుకుని, నేను రాసింది నమ్మితే ఆవిడ ముక్కలు వదిలేయాలి కదా అన్నాడు. అవునన్నాను. అంటే నువ్వు నా పక్షాన రాశావు, అయినా నేను ఓడిపోయాను అని తలూపి, దాన్ని అల్లింది వాళ్ల అత్తగారని చెప్పి, అదే నెత్తి మీద పెట్టుకుని వెళ్లాడు.

వసుంధర గారు రెండో స్థానంలో వచ్చారు. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే ముగిసింది. లాబీలో మూర్తి గారు కారు తేవడానికి వెళ్తే ఆవిడ ఒక్కరే కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాను. లూక్ ఔటయ్యాడు కనక ఇప్పుడు చెప్పవచ్చని, మూడోసారి సంగతి కూడా చెప్పాను. ఆవిడ రెండో లేసు కట్టడం పూర్తి చేశారు.

"ప్రసాద్ గారూ, టోపీ తీసి రెయిజ్ చేసినవి రెండు రాశారు. టోపీ పెట్టుకుని చేసినవి ఎన్ని?"

చూడలేదన్నాను.

"టోపీ తీసి, ఏమీ చేయకుండా ముక్కలు వదిలేసినవి?"

అవీ చూడలేదు.

"నేను మూడు రోజులు ఆయన పక్కనే కూర్చున్నా. కూర్చుని ఏం చేస్తాను, లెక్కపెట్టా. మా నెత్తి మీదే హీటర్ ఉంది. ఉక్కపోస్తే తీస్తాడు, పెద్ద హ్యాండ్ అయితే ఉక్క ఎక్కువ పోస్తుంది, అంతే. ముక్కలు మంచివైనా చెత్తవైనా ఆ ఉక్క ఒకటే."

మరి దేన్నిబట్టి కాల్ చేశారని అడిగాను. ఆ నిర్ణయం వెనకాల ఏముందో తెలుసుకోవాలన్నది అప్పటికి నా వృత్తి కూడా కాదు, బ్యాడ్జి లేదు. అయినా అడిగాను. ఆవిడ విడమర్చి చెప్పారు. నిజంగా అంత బలమైన చేయి ఉన్నవాడు, బల్ల మీద రెండు ఆఠీన్లు కనబడుతుంటే, ఎదుటివాళ్లని ఐదో ఆఠీన్ కోసం చవగ్గా ఎదురుచూడనివ్వడు, మొదట్లోనే పెంచుతాడు. ఇతను రెండు విడతలు ఊరికే కాల్ చేసి, ఏమీ కాని ముక్క పడ్డాక పెంచాడు. అంటే ఎదురుచూసినవాడు అతనే అయివుండవచ్చు. ఆవిడ చేతిలో ఆఠీన్ ఒక్కటీ లేదు కనక అవి అతని దగ్గర ఉండే వీలు ఎక్కువ. మూడు లక్షల అరవై వేలు పెడితే మధ్యలో ఉన్న పది లక్షల ఎనభై వేలు వస్తాయి. నాలుగింట ఒకసారి తన ఊహ నిజమైతే చాలు, నష్టం లేదు. నాలుగింట ఒకసారి కన్నా ఎక్కువే అనిపించింది, వేశాను అన్నారు.

"అయితే నా హెడ్డింగు మీ మీద ఏమీ పనిచేయలేదు."

"ఎందుకు చేయలేదూ? మొదటి టైమ్ కార్డు మొత్తం దానికే పోయింది. ఇంత బావున్న వాక్యం తప్పెలా అవుతుందా అని ముప్పై సెకన్లు కూర్చున్నా. ఇంకో రెండు కార్డులుండబట్టి సరిపోయింది."

కారు వచ్చింది. మూర్తి గారు డోరు తీసి పట్టుకుని, ఆవిడ ఇంకో జాబితా రాస్తోందండి అన్నారు. ఆవిడ కాదనలేదు.

ఆ రాత్రి ఇంటికి చేరాక గ్రూపులో పెట్టాను: "సవరణ. ఉదయం రాసిన హెడ్డింగుకి ఆధారం రెండు సంఘటనలు మాత్రమే. మూడో సంఘటన దానికి విరుద్ధంగా ఉంది. మిగతావి రచయిత గమనించలేదు." దానికి బొటనవేలు ఒక్కటి వచ్చింది, అది మూర్తి గారిది. దాని కింద ఎవరో స్నో టైర్లు ఇంకా ఉన్నాయా అని అడిగారు.

ఆ తరవాత ఏడాదిన్నర పనిచేసి, పోయిన శీతాకాలానికి ముందు మానేశాను. ఆ ఏడాదిన్నరలో ఏ ఆటగాడి అలవాటు గురించీ ఒక్క వాక్యం ఏ భాషలోనూ రాయలేదు. నోట్‌బుక్కులో మాత్రం ప్రతి పేజీకీ కుడివైపు ఒక గడి గీసుకునేవాణ్ణి. నేను అనుకున్నదానికి భిన్నంగా జరిగినవి అందులో రాయాలి. గడి గీసిన మొదటి టోర్నమెంటులో అది చాలా పేజీల్లో ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉందంటే అలాంటివి జరగలేదని కాదు, నేను అటు చూడలేదని. చూడడం మొదలుపెట్టాక గడి చాలేది కాదు.